పదకొండో గడి

మొదట చిన్న ఎరుపు.
చెమటేమో అనుకున్నాం.
జనవరిలో, కువోపియోలో,
సరస్సు గడ్డకట్టి దాని మీద మనుషులు నడిచే నెలలో
చెమట!

సెన్సార్ పీకిన చోట తైమి జబ్బ మీద
రెండు యూరోల నాణెం అచ్చుగుద్దినట్టు గుండ్రంగా వాపు.
తర్వాతది రెండో జబ్బకి పెట్టాం.
ఆ తర్వాతది తొడకి.
పద్నాలుగు రోజులుండాల్సింది
ఆరో రోజుకే నీరు కారి, అట్ట లేచి, చొక్కాకి అంటుకునేది.
ఏడేళ్ల పిల్ల ఒంటి మీద
అద్దె ఇల్లు వెతుక్కున్నట్టు
నేనూ వాళ్ల నాన్నా:
"ఇక్కడ?"
"ఇక్కడ మొన్నే కదా."
"మరిక్కడ?"
తైమి గోడవైపు తిరిగి
"త్వరగా తేల్చండి, చలేస్తోంది" అనేది.

కింద అడ్డుపట్టీ వేశాం.
ఎవరో చెప్పారని
ముక్కులో కొట్టుకునే మందు చర్మం మీద కొట్టాం.
దురద మాకంటే తెలివైనది.
లెక్కల క్లాసులో చొక్కా చేతిలోంచి స్కేలు దూర్చి గోక్కునేదట.
స్కేలు చివర నెత్తురు చూసి
టీచర్ ఫోన్ చేసింది.

చర్మం డాక్టరు గది బయట ఫారం నింపుతుంటే
ఒక ప్రశ్న: తల్లి వృత్తి.
గోళ్లు దిద్దుతాను, అని రాయాలి.
జెల్ గోళ్లు, నీలి దీపం కింద గట్టిపడే జిగురు.
దాన్ని అక్రిలేట్ అంటారు.
సెన్సార్ జిగురులోనూ ఆ మాటే ఉందని
నర్సు తెల్లెర్వో అంతకుముందే చెప్పింది.
పెన్ను ఆగింది.
మూడేళ్లుగా నా వేళ్ల కొసలు పగులుతున్నాయి,
చలికి అనుకుంటూ వచ్చాను.
ఈ చేతులతోనే కదా దాని జడలల్లింది,
జ్వరమొస్తే నుదురు పట్టి చూసింది.

వీపు మీద పరీక్ష.
చిట్టి చిట్టి గిన్నెలు, వరసకి ఐదు,
ఒక్కోదాంట్లో ఒక్కో అనుమానం.
తడి తగలకూడదు.
ఈత లేదు. శనివారం సౌనా లేదు.
సూదులకి ఏడవని పిల్ల
సౌనా లేదనగానే ఏడ్చింది.
తమ్ముడు ఊర్హో వాడికి చేతనైనట్టు ఓదార్చాడు:
ఆ గళ్లలో సున్నాలూ ఇంటూలూ ఆడదామని
స్కెచ్ పెన్ను పట్టుకుని ఇల్లంతా వెంటపడ్డాడు.

పట్టీలు తీసిన రెండు రోజులకి
పెన్నుగీతల మధ్య వీపంతా తెల్లగా,
పదకొండో గడి ఒక్కటే
ఉబ్బి, ఎర్రగా,
క్లాసులో జవాబు తెలిసి చెయ్యెత్తిన పిల్లలా.
"దొరికాడు!" అంది తైమి,
అద్దంలో అద్దాన్ని చూస్తూ.
డాక్టరు దాని పేరు చదివాడు,
నాకు నోరు తిరగలేదు.
నా గోళ్ల జిగురున్న గళ్లు, ఆరూ ఏడూ,
ఏమీ ఎరగనట్టు నిద్రపోతున్నాయి.
"ఇంటిపేరు ఒకటే," అన్నాడాయన,
"చుట్టరికం లేదమ్మా. ఇది సెన్సార్ నుంచే."
ఊపిరి వదిలాను.
వెంటనే సిగ్గేసింది:
తప్పు నాది కాదని తేలినంత మాత్రాన
దాని దురద తగ్గిందా?

ఆ జిగురు లేని సెన్సార్ ఒకటుందట.
కాగితాలు కదలాలి, ఎవరో సంతకం పెట్టాలి,
మార్చికి రావచ్చు.
అందాకా వేలికి సూది, రోజుకి ఎనిమిదిసార్లు.
ఏ వేలన్నది తైమి ఇష్టం.
కుడి చిటికెనవేలు సెలవులో ఉందట,
దాన్ని అడక్కూడదు.

రాత్రి మూడింటికి మోగే యంత్రం లేదు.
ఎన్నిసార్లు తిట్టుకున్నానో దాన్ని!
ఇప్పుడు దాని నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తున్నాను.
ఫోను వెలుగులో మంచం పక్కన మోకరిల్లితే
కళ్లు తెరవదు.
దుప్పట్లోంచి వేలొకటి
దానంతటదే బయటికొస్తుంది.
నా చేతులకి గ్లవ్స్.
వచ్చే నెల నా వీపుకీ గళ్లు గీస్తారు.
ఒక్క చుక్క.
ఐదు సెకన్లు.
ఆరు పాయింట్ రెండు.

వేలు లోపలికి వెళ్లిపోతుంది.